కాటా నుంచి కాగితం దాకా: ఒకే సోర్స్‌ను ఎన్ని రకాలుగా కంపైల్ చెయ్యాలి?

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ దుకాణానికి బిల్లింగ్ ప్రోగ్రామ్ రాయాలనుకుందాం. లెక్క పెద్దదేమీ కాదు. లాటులోని టిక్కీల (మిర్చి బస్తాల) తూకం ఒక్కొక్కటిగా తీసుకోవాలి, మొత్తం కూడాలి, క్వింటాల్ ధరతో గుణించాలి, కమీషన్, హమాలీ లాంటివి లెక్కకట్టి బిల్లు చేతికివ్వాలి. సీ భాష నేర్చుకున్న రెండో ఏడాది విద్యార్థి కూడా రాయగలడు. చిక్కంతా తూకం ఎటు నుంచి వస్తుంది, బిల్లు ఎటు పోతుంది అన్న దగ్గరే.

ఒక దుకాణంలో గుమాస్తా కాటా అంకె చూసి కీబోర్డ్ మీద కొడతాడు. ఇంకోచోట ఎలక్ట్రానిక్ కాటా నుంచి వైరు నేరుగా కంప్యూటర్‌కే వస్తుంది. మూడోచోట తూకాలన్నీ ముందే ఒక ఫైల్లో ఉంటాయి. బిల్లు సంగతీ అంతే. ఒకరికి స్క్రీన్ మీద కనిపిస్తే చాలు. కార్బన్ కాపీలు కావాల్సినవాళ్ళకు డాట్ మ్యాట్రిక్స్ తప్పదు. ఒకరికి చిన్న థర్మల్ రోలు కావాలి, మరొకరికి ఊళ్ళో ఉన్న రైతు ఫోన్లో చూసుకునేలా వెబ్ పేజీ కావాలి. మూడు రకాల ఇన్‌పుట్, నాలుగు రకాల అవుట్‌పుట్, మొత్తం పన్నెండు జతలు. పన్నెండు ప్రోగ్రాములు విడివిడిగా రాసి పెట్టుకుంటే హమాలీ రేటు మారిన రోజున పన్నెండూ తెరిచి దిద్దాలి. పదకొండు దిద్ది ఒకటి మరిచిపోతే ఆ ఒక్క దుకాణంలో బిల్లు తప్పుతుంది, అది బయటపడేది రైతు వచ్చి నిలదీసినప్పుడే.

అందుకే సోర్స్ (మనం రాసే కోడ్) ఒక్కటే ఉంచి, ఎవరికి ఏది కావాలో కంపైల్ చేసేటప్పుడు, అంటే దాన్ని యంత్రం నడపగల ప్రోగ్రామ్‌గా మార్చేటప్పుడు, ఎంచుకునే పద్ధతి వచ్చింది. దీన్నే కండిషనల్ కంపైలేషన్ అంటారు. సీలో ఈ పని చేసేది ప్రీప్రాసెసర్, కంపైలర్ కంటే ముందు సోర్స్‌ను చూసే భాగం. ఫలానా మాక్రో (ప్రీప్రాసెసర్‌కు తెలిసేలా పెట్టిన పేరు) నిర్వచించి ఉంటే ఈ లైన్లు ఉంచు, లేకపోతే ఆ లైన్లు ఉంచు అని హ్యాష్ ఇఫ్‌డెఫ్, ఎల్స్, ఎండిఫ్‌లతో చెబుతాం. ఉంచొద్దన్న లైన్లు అసలు కంపైలర్ దాకా వెళ్ళవు. ఈ ఒక్క విషయం బాగా పట్టుకోవాలి. మామూలు ఇఫ్ ప్రోగ్రామ్ నడుస్తున్నప్పుడు పనిచేస్తుంది, దాని రెండు వైపులా కంపైల్ అవ్వాల్సిందే. ఇఫ్‌డెఫ్‌లో మాత్రం వదిలేసిన వైపు లేని హెడర్ ఫైలు (ఫంక్షన్ల వివరాలుండే ఫైలు) పేరున్నా, తెలియని ఫంక్షన్ ఉన్నా కంపైలర్ నోరెత్తదు. జీసీసీ అనే సీ కంపైలర్‌కు -E (పెద్ద అక్షరం) అనే ఆప్షన్ ఇచ్చి నడిపితే ప్రీప్రాసెసర్ పని అయ్యాక మిగిలిన సోర్స్ ఎలా ఉందో కళ్ళారా చూడొచ్చు. ల్యాబుల్లో ఈ పద్ధతి చెప్పే ముందు ఆ ఒక్క ఆప్షన్ చూపిస్తే సగం అనుమానాలు అక్కడే తీరిపోతాయి.

సీ భాష పుట్టినప్పుడు ఇది లేదు. డెనిస్ రిచీ బెల్ ల్యాబ్స్‌లో భాషను తీర్చిదిద్దుతున్న 1972, 73 ప్రాంతంలో ప్రీప్రాసెసర్ వచ్చి చేరింది. మొదట్లో అది వేరే ఫైలును తెచ్చి కలపడం, ఒక పేరుకు బదులు ఇంకోటి పెట్టడం మాత్రమే చేసేది. షరతులతో కంపైల్ చేసే వీలు తర్వాత మైక్ లెస్క్, జాన్ రైజర్ చేర్చిన పొడిగింపుల్లో వచ్చింది. 1989లో అమెరికా ప్రమాణాల సంస్థ ఆన్సీ తెచ్చిన ప్రమాణంలో ఇదంతా స్థిరపడింది.

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీల్లో చదివిన చాలామందికి ఈ అవసరం తెలియకుండానే ఎదురైంది. బోర్లాండ్ 1987లో తెచ్చిన టర్బో సీ కంపైలర్, ఆ నీలం స్క్రీన్, ల్యాబుల్లో ఏళ్ళ తరబడి ఉండిపోయింది. ప్రతి ప్రోగ్రామ్ మొదట్లో క్లియర్ స్క్రీన్, చివర్లో గెట్‌చ్. ఇవి కోనియో అనే హెడర్‌లో ఉంటాయి, అది సీ ప్రమాణంలో భాగం కాదు. అదే ప్రోగ్రామ్‌ను ఇంటికొచ్చి లైనక్స్‌లో జీసీసీతో కంపైల్ చేస్తే మొదటి లైన్లోనే ఆగిపోతుంది. టర్బో సీ తనంతట తానే ఒక మాక్రో నిర్వచించుకుంటుంది. అది ఉంటేనే కోనియో తెచ్చుకోమని రాస్తే ఒకే ఫైలు రెండుచోట్లా నడుస్తుంది. కోడింగ్ పోటీలకు వెళ్ళేవాళ్ళు దీన్నే ఇంకోలా వాడతారు. కోడ్‌ఫోర్సెస్ లాంటి చోట్ల ఆన్‌లైన్ జడ్జ్ అనే మాక్రో నిర్వచించి ఉంటుంది. అది లేకపోతే మన కంప్యూటర్లోని ఇన్‌పుట్ ఫైలు నుంచి చదవమని ఒక్క లైను పెట్టుకుంటే పరీక్షించడానికీ పంపడానికీ ఒకే ఫైలు సరిపోతుంది. చిన్న వాడుకే, కానీ ఎంతో శుభ్రమైన వాడుక. తేడా అంతా మొదటి రెండు మూడు లైన్లలోనే తేలిపోతుంది, కింది లెక్కకు అది తెలియనే తెలియదు.

ఎవరు ఎంచుకోవాలి, ఎప్పుడు?

మళ్ళీ యార్డుకొద్దాం. పన్నెండు జతలకూ ఇఫ్‌డెఫ్‌లు పెట్టేయాలన్న ఆలోచన చప్పున వస్తుంది. అక్కడ ఆగి ఒక ప్రశ్న వేసుకోవాలి: ఈ ఎంపిక మారేది ఎప్పుడు, మార్చేది ఎవరు?

కీబోర్డా, కాటానా అన్నది కంపైల్ చేసేటప్పుడే తేల్చేశాం అనుకుందాం. ఫిబ్రవరి, మార్చి నెలల్లో సరుకు పోటెత్తుతుంది. రోజుకు లక్ష టిక్కీలు దాటి వచ్చే రోజులుంటాయి. సరిగ్గా అప్పుడే కాటా వైరు తెగిందంటే గుమాస్తా ఏం చెయ్యాలి? ప్రోగ్రామ్‌లో చేత్తో కొట్టే వీలే లేదు, ఎందుకంటే ఆ భాగం కంపైల్ కాలేదు. ప్రోగ్రామర్‌కు ఫోన్ చేసి ఇంకో ఈఎక్స్‌ఈ ఫైలు (కంపైల్ అయిన ప్రోగ్రామ్) తెప్పించుకోవాలి. బయట లారీ నిలబడి ఉంటుంది, టెన్షన్ అంతా గుమాస్తాది. ఇది సాంకేతిక లోపం కానే కాదు, ఎంపికను తప్పు చోట పెట్టడం. వాడేవాడు ఒక్క రోజులో మార్చుకోవాల్సి వచ్చేదేదైనా నడిచేటప్పుడు ఎంచుకునేలా ఉండాలి. మెనూలో ఒక అంకె అయినా సరే, ప్రోగ్రామ్ పేరు పక్కన ఇచ్చే ఆప్షన్ అయినా సరే.

కంపైల్ చేసేటప్పుడు తేల్చాల్సింది రెండో రకం. ఒక యంత్రంలో ఉన్నదాని ఊసే ఇంకో యంత్రంలో లేనప్పుడు. కాటా వైరు వచ్చి చేరే సీరియల్ పోర్టునే చూడండి. విండోస్‌కు ముందటి డాస్‌లో టర్బో సీ అయితే బయోస్‌కామ్ అనే ఫంక్షన్ ద్వారా చదవాలి. విండోస్‌లో పోర్టును ఒక ఫైలులా తెరిచి, వేగం, బిట్ల అమరిక ఒక నిర్మాణంలో నింపి ఇవ్వాలి. లైనక్స్‌లో టెర్మియోస్ అనే హెడర్ కావాలి. టెర్మియోస్ విండోస్ కంపైలర్ దగ్గర లేదు, విండోస్ హెడర్ లైనక్స్‌లో లేదు. మామూలు ఇఫ్ పెట్టి మూడూ ఒకే ఈఎక్స్‌ఈలో ఇరికించడం కుదరని పని. ఇఫ్‌డెఫ్ పుట్టిందే ఇలాంటి చోటు కోసం.

ఈ గీత గీసి చూస్తే పన్నెండు జతల్లో చాలావరకు కరిగిపోతాయి. కీబోర్డ్, ఫైలు అన్న రెండింటికి వేరువేరుగా రాయాల్సిన పనే లేదు. ప్రామాణిక ఇన్‌పుట్ (ప్రోగ్రామ్‌కు మామూలుగా కీబోర్డ్ నుంచి వచ్చే దారి) నుంచి చదివితే కమాండ్ లైన్లో ఒక బాణం గుర్తు పెట్టి ఫైలును అటు మళ్ళించొచ్చు, ఈ సౌకర్యం డాస్‌లో కూడా ఉంది. ఒక్క చిన్న జాగ్రత్త కావాలి. మనిషి కూర్చున్నప్పుడు "తూకం?" అని అడగాలి, ఫైలు నుంచి చదివేటప్పుడు అడగకూడదు. ఎదురుగా ఉన్నది టెర్మినలా (మనిషి కూర్చునే కీబోర్డ్, స్క్రీనా) కాదా అని ఈజ్‌ఏటీటీవై అనే ఫంక్షన్ చెప్పేస్తుంది. వెబ్ సర్వర్ నడిపిస్తోందా, మనిషి నడిపిస్తున్నాడా అన్నదీ అంతే. వెబ్ సర్వర్ మన ప్రోగ్రామ్‌ను నడిపి పేజీ తెచ్చుకునే సీజీఐ పద్ధతిలో, సర్వర్ ప్రోగ్రామ్‌ను నడిపేటప్పుడు గేట్‌వే ఇంటర్ఫేస్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ (ప్రోగ్రామ్ చదువుకోగల ఒక పేరు, విలువ) పెట్టి ఇస్తుంది. అది ఉందో లేదో చూసుకుంటే సరి. ఇక నిజంగా కంపైల్ దగ్గర తేల్చాల్సినవి ఆపరేటింగ్ సిస్టమ్ తేడాలే, అంటే మూడు.

ఎక్కడి నుంచి అన్నదే కాదు, పగ్గాలు ఎవరి చేతిలో అన్నది కూడా

ఇన్‌పుట్ మార్చడమంటే కీబోర్డ్ నుంచి చదివే స్కాన్‌ఎఫ్ ఉన్నచోట ఇంకో ఫంక్షన్ పెట్టడమే అనుకుంటే దెబ్బ తింటాం. కీబోర్డ్ దగ్గర గుమాస్తా టిక్కీకి ఒక అంకె కొడతాడు. కాటా అలా ఇవ్వదు. కాటాకు అంకె చూపే చాలా ఇండికేటర్లు సెకనుకు కొన్నిసార్లు అదే పనిగా తూకం పంపుతూనే ఉంటాయి. టిక్కీ పెట్టగానే అంకె పెరుగుతుంది, కాసేపు ఊగుతుంది, నిలబడుతుంది, దించగానే సున్నాకు వస్తుంది. వచ్చిన ప్రతి అంకెనూ ఒక టిక్కీ అనుకుంటే ఒక్క బస్తాకు పదిసార్లు లెక్క పడుతుంది. వరుసగా కొన్నిసార్లు ఒకే అంకె వస్తేనే తీసుకోవాలి, మళ్ళీ సున్నా దగ్గరకు వచ్చేదాకా రెండోది తీసుకోకూడదు.

ఈ నిలకడ చూసే పని ఎక్కడ రాయాలి? లెక్క కట్టే లూపులో ఇఫ్‌డెఫ్ పెట్టి అక్కడే రాసేస్తే పని అవుతుంది, కానీ ఆ లూపు ఆరు నెలల తర్వాత ఎవరికీ అర్థం కాదు. దానికి బదులు "తర్వాతి టిక్కీ తూకం గ్రాముల్లో ఇవ్వు, అయిపోతే అయిపోయిందని చెప్పు" అనే ఒకే ఒక ఫంక్షన్ ఉండాలి. కీబోర్డ్‌కు దాని రూపం ఒకటి, కాటాకు ఇంకొకటి. నిలకడ, సున్నా, తెగిన వైరు, అర్థం లేని అక్షరాలు, ఈ గొడవలన్నీ కాటా రూపంలోనే అణిగిపోవాలి. లెక్క కట్టే భాగానికి చేరేది గ్రాములు మాత్రమే.

వెబ్ దగ్గర తేడా ఇంకా లోతైనది. కీబోర్డ్ ప్రోగ్రామ్ ఒక ప్రశ్న అడుగుతుంది, జవాబు కోసం ఆగుతుంది, మళ్ళీ అడుగుతుంది. సీజీఐ ప్రోగ్రామ్‌కు ఆగడమన్నదే లేదు. అడగాల్సినవన్నీ ఫారంలో ముందే నిండి ఒక్కసారిగా వచ్చి పడతాయి. గెట్ పద్ధతిలో క్వెరీ స్ట్రింగ్‌లో (వెబ్ చిరునామా చివరి భాగంలో) వస్తాయి, పోస్ట్ అయితే ప్రామాణిక ఇన్‌పుట్‌లో వస్తాయి. కంటెంట్ టైప్ లైను, దాని కింద ఒక ఖాళీ లైను, తర్వాత పేజీ ఇచ్చేసి ప్రోగ్రామ్ ముగిసిపోతుంది. ఇంకో లాటు కావాలంటే మళ్ళీ మొదటి నుంచి. బొత్తాలు నొక్కే విండోల ప్రోగ్రామ్ అయితే మన కోడ్ సిస్టమ్‌ను పిలవదు, సిస్టమే మన కోడ్‌ను పిలుస్తుంది. ఇలాంటిచోట లెక్క మధ్యలో స్కాన్‌ఎఫ్ ఉన్న ప్రోగ్రామ్‌ను ఎన్ని ఇఫ్‌డెఫ్‌లు పెట్టినా మార్చలేం. ముందు సేకరణ, తర్వాత లెక్క, ఆ తర్వాత బిల్లు అని మూడు భాగాలుగా విడదీశాకే మిగతా మాట. విడదీశాక చూస్తే ఇఫ్‌డెఫ్‌ల అవసరం సగానికి సగం తగ్గి ఉంటుంది.

తెలుగులో బిల్లు

అవుట్‌పుట్ వైపు తెలుగువాళ్ళకు మాత్రమే తగిలే చిక్కులున్నాయి. వీటి గురించి ఎక్కువ చెప్పుకోవాలి, ఎందుకంటే ఇంగ్లీష్ పుస్తకాల్లో ఇవి దొరకవు.

బిల్లులో మిర్చి రకం (తేజ, బ్యాడిగి లాంటివి) పేరుకు ఇరవై గళ్ళు కేటాయించాం అనుకుందాం. సీలో ముద్రించే ఫంక్షన్ ప్రింట్‌ఎఫ్ ఆ ఇరవైని బైట్లలో లెక్కపెడుతుంది. యూనికోడ్ అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షర సంకేతం ప్రతిదీ మూడు బైట్లు. "తేజ" అన్న మాటలో త, ఏత్వం, జ కలిపి మూడు సంకేతాలు, 9 బైట్లు. దాని పక్కన 11 ఖాళీలు పడతాయి. "బ్యాడిగి"లో ఎనిమిది సంకేతాలు, 24 బైట్లు. ఇరవై దాటిపోయింది కాబట్టి ఒక్క ఖాళీ కూడా పడదు. తేజ లాటు పక్కన తూకం ఒకచోట, బ్యాడిగి లాటు పక్కన తూకం ఇంకోచోట. ఇంగ్లీష్‌లో పరీక్షించినప్పుడు గీత గీసినట్టు ఉన్న బిల్లు తెలుగులో వంకర్లు తిరుగుతుంది. యూనికోడ్ వాడుకలోకి రాకముందు, భారతీయ లిపుల కోసం వచ్చిన 1991 నాటి ఇస్కీ ప్రమాణంలో ఒక్కో సంకేతానికి ఒక్కో బైటే. అప్పటి ప్రోగ్రాముల్లో తేజకు మూడు, బ్యాడిగికి ఎనిమిది బైట్లే పట్టేవి కాబట్టి ఖాళీలు ఇంత దారుణంగా తప్పేవి కావు.

స్క్రీన్ దగ్గర ఇది అందవికారం మాత్రమే. డాట్ మ్యాట్రిక్స్ దగ్గరకొస్తే అసలు తెలుగే పడదు. ఆ ప్రింటర్ తనకు పంపిన బైటుకు తన లోపల ఉన్న ఇంగ్లీష్ అక్షరం వేసుకుంటుంది. ఎప్సన్ పద్ధతి ఆదేశాల్లో 27, 69 అనే రెండు బైట్లు పంపితే ముద్దక్షరాలు మొదలవుతాయి, 27, 70 పంపితే ఆగుతాయి, 12 పంపితే కాగితం తర్వాతి పేజీకి జరుగుతుంది. తెలుగు కావాలంటే బిల్లును బొమ్మగా మార్చి చుక్కల వరుసలుగా పంపాలి. తొమ్మిది పిన్నుల ప్రింటర్ ఒక్కసారికి ఎనిమిది చుక్కల ఎత్తు గీస్తుంది. పైన గుడి, కింద ఒత్తు ఉన్న తెలుగు లైను ఆ ఎత్తులో పట్టదు, ఒకటికి రెండు మూడు సార్లు తల అటూ ఇటూ తిరగాలి. థర్మల్ ప్రింటర్‌ది వేరే కొలత. 80 మిల్లీమీటర్ల రోలుకు మామూలుగా వరుసకు 576 చుక్కలు, 58 మిల్లీమీటర్లదైతే 384. ఇంగ్లీష్ అక్షరాల్లో లెక్కిస్తే 48, 32 గళ్ళు. ఒకే బిల్లు రెండు రోళ్ళ మీదా ఒకేలా సర్దుకోదు.

కాబట్టి "ఇక్కడ ఈ మాట ముద్రించు" అనే స్థాయిలో ఇఫ్‌డెఫ్ పెట్టడం తెలుగు బిల్లుకు పనికిరాదు. లెక్క భాగం రైతు పేరు, రకం, టిక్కీలు, తూకం, ధర, మొత్తం అని అంశాలు మాత్రమే అందించాలి. వెడల్పు, వరుసలు, అక్షరమా బొమ్మా అన్నవి ఒక్కో ప్రింటర్ భాగం తేల్చుకోవాలి. ఈ విభజన మొదటి రోజే చేసుకోవాలి. ఇంగ్లీష్ బిల్లు నడిచింది కదా, తెలుగు తర్వాత చేరుద్దాం అనుకున్న చోట్ల తెలుగు చేరడం కష్టం.

ఇందులో ఇంకో గోతి ఉంది. విండోస్‌లో ఫైలును టెక్స్ట్ పద్ధతిలో తెరిచి రాస్తే 10 అనే బైటు ఎదురైనప్పుడల్లా దాని ముందు 13 అనే బైటు తనంతట తానే చేరుతుంది. మాటల మధ్య అది సరైనదే, అక్కడ లైన్ ముగింపు అదే. చుక్కల బొమ్మలో 10 అంటే లైన్ ముగింపు కాదు, కింది నుంచి నాలుగో చుక్కా రెండో చుక్కా నల్లగా ఉండాలని అర్థం. అక్కడ ఒక బైటు అదనంగా దూరితే మిగతా వరుసంతా పక్కకు జరిగి అక్షరాలు చెదిరిపోతాయి. లైనక్స్‌లో ఈ మార్పిడి లేదు, అక్కడ బిల్లు చక్కగా వస్తుంది. అదే సోర్స్, అదే ప్రింటర్, అయినా ఒకచోట చెదిరి ఒకచోట బాగుంటుంది. ఫైలును బైనరీ పద్ధతిలో తెరిస్తే తీరిపోతుంది, దానికి ఇఫ్‌డెఫ్ అక్కర్లేదు.

మధ్యలో ఉన్న లెక్క

ఇఫ్‌డెఫ్ ఒక్కటి కూడా లేని భాగం అన్నిచోట్లా ఒకేలా పనిచేస్తుందన్న నమ్మకం కూడా సరికాదు. టర్బో సీలో ఇంట్ (పూర్ణాంకం దాచే రకం) అంటే 16 బిట్లు, గరిష్ఠం 32,767. నలభై కిలోల టిక్కీ తూకాన్ని గ్రాముల్లో ఇంట్‌లో పెడితే 40,000 బదులు మైనస్ 25,536 కనిపిస్తుంది. అంతకంటే పెద్ద పూర్ణాంకం పట్టే లాంగ్ వాడితే ఒక టిక్కీకి సరిపోతుంది. గ్రాములను క్వింటాల్ ధరతో గుణించి లక్షతో భాగిస్తే రూపాయలొస్తాయి. క్వింటాల్ 15,000 అనుకుంటే గుణకారం 60 కోట్లు, 32 బిట్ల లాంగ్ గరిష్ఠం 214 కోట్ల పైచిలుకు, ఇబ్బంది లేదు. వంద టిక్కీల లాటు మొత్తాన్ని ఒకేసారి గుణిస్తే మాత్రం 6,000 కోట్లు. 64 బిట్ల లైనక్స్‌లో లాంగ్ 64 బిట్లు కాబట్టి అక్కడ సరైన జవాబే వస్తుంది. విండోస్‌లో ప్రోగ్రామ్‌ను 64 బిట్లకు కంపైల్ చేసినా లాంగ్ 32 బిట్లే, జవాబు తప్పుతుంది. కొత్త కంపైలర్లలో 64 బిట్లని పేరులోనే చెప్పే రకాలున్నాయి, టర్బో సీలో లేవు. ఆ తేడాను ఒకే ఒక హెడర్ ఫైల్లో ఇఫ్‌డెఫ్‌తో సర్దితే మిగతా సోర్స్ మొత్తానికి ఊరట. సర్దలేకపోతే ముందు భాగించి తర్వాత గుణించడం లాంటి అడ్డదారులు తొక్కకుండా టిక్కీ టిక్కీకీ రూపాయలు, పైసలు విడిగా తేల్చి కూడుకోవడం మేలు.

ఇఫ్‌డెఫ్‌లతో వచ్చే తప్పుల్లో అతి ప్రమాదకరమైనది చప్పుడు చెయ్యనిది. మాక్రో పేరులో ఒక అక్షరం తప్పు పడిందనుకోండి. ఆ పేరు నిర్వచించలేదు కాబట్టి షరతు అబద్ధమవుతుంది, ఎల్స్ భాగం కంపైల్ అవుతుంది, ఏ ఫిర్యాదూ రాదు. థర్మల్ కావాలన్న దుకాణానికి స్క్రీన్ ప్రోగ్రామ్ వెళ్తుంది. దీనికి మందు రెండు విధాలు. నిర్వచించారా లేదా అని అడగకుండా ప్రతి మాక్రోకూ ఒకటో సున్నానో ఇచ్చి హ్యాష్ ఇఫ్‌తో అడగాలి. అప్పుడు జీసీసీలోని అండెఫ్ హెచ్చరిక ఆప్షన్ తెలియని పేరును పట్టిస్తుంది. ఇక చివరి ఎల్స్‌లో ఏదో ఒకటి కంపైల్ అయ్యేలా వదలకుండా హ్యాష్ ఎర్రర్ పెట్టి అక్కడే ఆపేయాలి. కంపైల్ దగ్గర ఆగిన తప్పుతో పోయేది ప్రోగ్రామర్ సమయం ఒక్కటే.

రెండో బెడద సంఖ్యకు సంబంధించింది. ఉండటం, లేకపోవడం అనే రెండు స్థితుల మాక్రోలు పది ఉంటే 1,024 రకాల ప్రోగ్రాములు పుడతాయి. వాటిలో రోజూ కంపైల్ అయ్యేది ఒకటో రెండో. మిగతావి పాడైపోయినా తెలియదు. హెన్రీ స్పెన్సర్, జెఫ్ కాలియర్ 1992లోనే ఒక పత్రంలో ఇఫ్‌డెఫ్‌ల వాడకం హానికరమని అనుభవం మీద గట్టిగా వాదించారు. తేడాలను ఫైళ్ళ స్థాయిలో, ఫంక్షన్ల స్థాయిలో దాచాలన్నది వాళ్ళ మాట. లైనక్స్ కెర్నల్ (ఆ సిస్టమ్ మూలభాగం) కోడింగ్ నియమాలు కూడా సీ ఫైళ్ళ లోపల వీలైనంతవరకు షరతులు పెట్టొద్దు, హెడర్‌లో పెట్టి, అవసరం లేనిచోట ఏమీ చెయ్యని ఖాళీ ఫంక్షన్ ఇవ్వమంటాయి. గో భాషలో ఫైలు పేరు చివర లైనక్స్ అనో విండోస్ అనో ఉంటే ఆ ఫైలు ఆ సిస్టమ్‌కే కంపైల్ అవుతుంది. మన ప్రోగ్రామ్‌కూ అదే బాగా నప్పుతుంది. కాటా చదివే కోడ్ డాస్‌కు ఒక ఫైలు, విండోస్‌కు ఒకటి, లైనక్స్‌కు ఒకటి. ఏది కలపాలో మేక్‌ఫైలు (ఏ ఫైళ్ళు కంపైల్ చెయ్యాలో చెప్పే ఫైలు) చూసుకుంటుంది. మూడింటినీ ప్రతి మార్పు తర్వాత కంపైల్ చెయ్యడం కొన్ని సెకన్ల పని. కాటా చేతిలో లేకపోయినా, కాటా పంపినట్టే ఊగే అంకెలున్న ఫైలుతో నిలకడ లెక్కను పరీక్షించుకోవచ్చు.

షరతుల కొమ్మలు పెంచినవాళ్ళే కొమ్మలు కొట్టాలి కూడా. ఆఖరి డాస్ కంప్యూటర్ మూలకు చేరాక బయోస్‌కామ్ ఉన్న ఫైలు, 16 బిట్ల ఇంట్ కోసం పెట్టిన సర్దుబాట్లు సోర్స్‌లో ఉండి చేసేదేమీ లేదు. కొత్తగా చేరినవాళ్ళు మాత్రం వాటిని చదివి అర్థం చేసుకోవడానికి రోజులు పోగొట్టుకుంటారు. చేత్తో తీస్తే ఏ ఎండిఫ్ దేనిదో పొరబడే అవకాశం ఉంది కాబట్టి యునిఫ్‌డెఫ్ అనే సాధనం వాడాలి. ఫలానా మాక్రో ఇక ఎప్పటికీ లేదని చెబితే అది ఆ షరతును, దాని కింది లైన్లను మాత్రమే తీసేసి మిగతా సోర్స్‌ను, కామెంట్లతో సహా, ఉన్నదున్నట్టు ఉంచుతుంది. తీసే ముందూ తీశాకా మిగిలిన రెండు సిస్టమ్‌లకు ప్రీప్రాసెసర్ ఇచ్చే ఫలితాన్ని పోల్చి చూడాలి. లైన్ నంబర్ల గుర్తులు, ఖాళీ లైన్లు తప్ప ఇంకే తేడా కనిపించినా తీయకూడనిదేదో పోయిందని అర్థం.